డెక్క పోవాలి, చేప ఉండాలి

గుంటను కమ్మేసిన గుర్రపు డెక్కను చేపలకు ముప్పు లేకుండా తీసే పద్ధతి

వానాకాలంలో కాలువ నీటితో పాటు రెండు మొక్కలు గుంటలోకి కొట్టుకొచ్చాయి. ఊదారంగు పువ్వు ముచ్చటగానే ఉంది, పోనీలే అని వదిలేశారు. సంక్రాంతి దాటేసరికి సగం గుంట కమ్మేసింది. ఉగాదికి నీళ్ళే కనబడడం లేదు. వల వేద్దామంటే పడదు, మేత చల్లుదామంటే చోటు లేదు. ఇక లాభం లేదనుకుని గడ్డి మందు డబ్బా తెచ్చి గట్టు మీద పెట్టారు. మీ గుంట పరిస్థితి ఇదేనా? అయితే కాస్త ఆగండి. ఆ డబ్బా మూత తీసేముందు ఈ నాలుగు మాటలు చదవండి.

డెక్కను చంపడం వేరు, తీయడం వేరు. నీళ్ళలోనే చంపితే అది కుళ్ళి మీ చేపల్ని చంపుతుంది. గట్టు మీదికి తీస్తే ఎరువవుతుంది. మొత్తం కిటుకు ఇదే.

ఎందుకింత వేగంగా పెరుగుతుంది?

గుర్రపు డెక్క మన మొక్క కాదు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. పువ్వు అందానికి మురిసి 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చుకున్నారు. కొద్ది కాలానికే అది అక్కడి కాలువల్ని, వరి మడుల్ని కమ్మేసింది. చివరికి దాన్ని తొలగించడం కోసమే 1936లో బెంగాల్‌లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. మన కృష్ణా, గోదావరి డెల్టా కాలువల్లో, మురుగు కాల్వల్లో దాని సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇది రెండు రకాలుగా పెరుగుతుంది. తల్లి మొక్క పక్కకు తీగ వేసి పిల్లను పెడుతుంది. ఆ పిల్ల మళ్ళీ తల్లి అవుతుంది. ఎండ, బురదలో సత్తువ కలిసొస్తే రెండు వారాల్లోపే డెక్క రెట్టింపవుతుంది. రెండోది విత్తనం. పూత అయ్యాక గింజలు నీటి అడుక్కి చేరి బురదలో 15 ఏళ్ళకు పైగా బతికే ఉంటాయి. అందుకే పూతకు ముందే తీసెయ్యాలి. పువ్వు చూసి మురిస్తే పదేళ్ళ చాకిరీని చేజేతులా తెచ్చుకున్నట్టే.

మందు కొడితే ఏమవుతుంది?

ఒక లెక్క చూద్దాం. దట్టంగా కమ్మిన చోట హెక్టారుకు 200 టన్నులకు పైగా పచ్చి డెక్క ఉండొచ్చు. ఆ లెక్కన పావు ఎకరం గుంటలో 20 టన్నులు. అందులో 95 శాతం దాకా నీరే. అయినా టన్ను ఎండు పదార్థం మిగులుతుంది. అది నీళ్ళలో పూర్తిగా కుళ్ళడానికి దాదాపు తనంత బరువు ప్రాణవాయువు కావాలి.

మరి గుంటలో ఎంత ఉంటుంది? పావు ఎకరం గుంటలో అయిదడుగుల లోతున నీరుంటే సుమారు 15 లక్షల లీటర్లు. బొచ్చె, రోహు, మ్రిగాల హాయిగా పెరగాలంటే లీటరుకు 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలి. మొత్తం కలిపితే ఏడున్నర కిలోలు! కుళ్ళే డెక్క అడిగేది టన్ను దాకా, గుంటలో నిల్వ ఏడున్నర కిలోలు. పగలు గాలి నుంచి, నీటిలోని పచ్చదనం నుంచి కొంత వచ్చి చేరుతున్నా కుళ్ళే వేగానికి అది చాలదు. చేపల వాటా మొత్తం డెక్క తినేస్తుంది.

దీనికి తోడు కుళ్ళులోంచి అమ్మోనియా పుడుతుంది. మందు గాలికి కొట్టుకుపోయి పక్క చేలో పడితే అదొక గొడవ. కలుపు మందుల్లో 2,4-డి లాంటివి పత్తికి ఏ కాస్త సోకినా ఆకులు ముడుచుకుపోతాయి. పైగా ఆ గుంట నీళ్ళే పశువులు తాగుతాయి. కాబట్టి చేపలున్న చిన్న గుంటలో మందు జోలికి పోకపోవడమే మంచిది.

తీసేముందు చూసుకోవలసినవి

• గుంట మీ సొంతమైతే సరే. ఊరి చెరువైతే పంచాయతీకి, చేపల హక్కున్న మత్స్యకారుల సంఘానికి చెప్పి, అందరూ కలిసి పని పెట్టుకోండి.

• మబ్బు పట్టిన రోజున, ముసురు రోజున పని వద్దు. ఆ రోజుల్లో నీళ్ళలో ప్రాణవాయువు ముందే తక్కువగా ఉంటుంది.

• తెల్లవారుజామున దిగకండి. రాత్రంతా మొక్కలు, చేపలు, బురద అన్నీ ప్రాణవాయువును వాడుకుంటాయి. తెల్లవారేసరికి అది అడుగంటుతుంది. ఎండ బాగా ఎక్కాక, 8–9 గంటల మధ్య మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించండి.

• ఆ రోజు చేపలకు మేత వేయకండి. మిగిలిపోయిన మేత కూడా కుళ్ళేదే.

• బోరో కాలువో ఉంటే ఇంజను, పైపులు ముందుగానే సిద్ధం చేసుకోండి. అవసరం పడ్డాక వెతుక్కుంటే ఆలస్యమవుతుంది.

తీసే పద్ధతి

గుంటను మనసులో నాలుగు భాగాలు చేసుకోండి. ఒక విడతకు ఒక భాగమే తీయండి. మూడు నాలుగు రోజులు ఎడం ఇచ్చి రెండో భాగంలోకి వెళ్ళండి. "కూలీలు దొరికారు కదా, ఒక్కరోజులో అయిపోతుంది" అనిపిస్తుంది. తొందర వద్దు. డెక్క లాగినప్పుడల్లా వేళ్ళకు పట్టిన మడ్డి, అడుగు బురద కదులుతాయి. గుంటంతా ఒక్కసారే కలిసిపోతే చేపకు పోవడానికి చోటుండదు. కొంత భాగం కదలకుండా ఉంటే చేపలు అక్కడికి తప్పుకుంటాయి.

గాలి వాలు చూసుకోండి. డెక్క తేలే మొక్క. గాలి ఎటు వీస్తే అటు గట్టుకు చేరుతుంది. మనం అదే గట్టున నిలబడితే సగం పని గాలే చేసిపెడుతుంది. రెండు గట్ల మీద ఇద్దరేసి మనుషులు నిలబడి, మధ్యలో వెదురు ముక్కలు కట్టిన లావుపాటి తాడును నీటి మీదుగా లాగితే డెక్క చాపలా ఒక పక్కకు వస్తుంది. పొడవాటి కర్రకు ఇనుప కొక్కెం కట్టి దాన్ని గట్టుకు లాక్కోవాలి.

నీళ్ళలో ఉండగా కత్తితో నరకొద్దు. నరికిన ప్రతి మొదలు ముక్కా మళ్ళీ మొక్కే. వేళ్ళతో సహా మొత్తం మొక్కను ఎత్తాలి. పైకి తీసేముందు నీళ్ళలోనే ఒకసారి మెల్లగా జాడించండి. వేళ్ళ గుబురులో చిన్న చేపపిల్లలు దాక్కుంటాయి. అవి తిరిగి నీళ్ళలోకి పోతాయి. అదే గుబురులో చేపపిల్లల్ని తినే కొర్రమీను కూడా ఉండొచ్చు. కనిపిస్తే పట్టుకోండి, ఇంటికి మంచి కూర!

పెద్ద మొక్కలు పోయాక గట్టు వారన తుంగలో, జమ్ములో చిక్కుకున్న పిల్ల మొక్కల్ని చేతివలతో ఏరండి. విసుగు పుట్టించే పని ఇదే. కానీ నాలుగు పిల్లలు మిగిలినా వచ్చే వానాకాలానికి కథ మొదటికొస్తుంది.

ఈ గుర్తులు కనిపిస్తే ఆపేయండి

చేపలు నీటి పైకొచ్చి మూతులు తెరిచి గాలి మింగుతుంటే, అంటే తల తేలితే, ప్రాణవాయువు తగ్గిందని అర్థం. అలికిడి చేసినా అవి లోపలికి పోకపోతే ముప్పు మరింత దగ్గరపడింది. బురదలోంచి బుడగలు లేచి కుళ్ళిన గుడ్డు వాసన వచ్చినా ప్రమాదమే. వెంటనే పని ఆపి అందరూ గట్టెక్కండి. ఇంజను పెట్టి కొత్త నీరు వదలండి. ఆ నీటిని పైనుంచి జల్లులా పడనిస్తే గాలి బాగా కలుస్తుంది. కొత్త నీరు లేకపోతే గుంట నీటినే తోడి గుంటలోకే చిమ్మండి.

ఒక పొరపాటు మాత్రం చేయొద్దు. చేపలు తేలుతున్నాయని హడావుడిగా సున్నం చల్లుతారు కొందరు. అమ్మోనియా ఉన్న నీటిలో సున్నం పడితే దాని విషం ఇంకా పెరుగుతుంది. సున్నం పని నీరు తేరుకున్నాక, పరీక్ష చేయించి చూసుకుందాం.

ఆ రాత్రి మాత్రం ఒకరు గుంట దగ్గర కాపలా ఉండాలి. చేప చచ్చేది చాలాసార్లు పని చేసినప్పుడు కాదు, ఆ మర్నాడు తెల్లవారుజామున.

మీ ప్రాణం ముందు

చేప పోతే మళ్ళీ పిల్ల వేసుకోవచ్చు. డెక్క కింద లోతు తెలియదు, తీగలు కాళ్ళకు చుట్టుకుంటాయి. ఎంత ఈత వచ్చినా ఒంటరిగా దిగొద్దు. నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస గట్టు మీద మనిషి చేతిలో ఉంచండి. పాములు, జలగలు, గాజు పెంకులు ఉండొచ్చు కాబట్టి నిండు చేతుల చొక్కా, కాళ్ళకు బూట్లు వేసుకోండి. ఒంటి మీద పుండ్లు, గాట్లు ఉన్నవారు దిగకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల ఎలుక జ్వరం వస్తుంది. పని అయ్యాక సబ్బుతో స్నానం చేయండి. కొద్ది రోజుల్లో జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తే గుంటలో దిగిన సంగతి డాక్టరుకు చెప్పండి.

డెక్క తీయడం వల్ల ఊరికీ మేలుంది. మాన్సోనియా జాతి దోమ పిల్లలు డెక్క వేళ్ళకు గుచ్చుకునే ఊపిరి పీల్చుకుంటాయి. డెక్క పోతే వాటికి ఊపిరి లేదు.

గట్టెక్కిన డెక్క ఎరువే

తీసిన డెక్కను గట్టు అంచున పోయొద్దు. ఒక్క వాన పడితే మళ్ళీ గుంటలోకే జారుతుంది, దాని రసం కూడా నీళ్ళలోకే దిగుతుంది. నీటికి దూరంగా మెరక మీద వేళ్ళు పైకి ఉండేలా పరచండి. రెండు మూడు రోజుల ఎండకు బరువు బాగా తగ్గుతుంది, మోత కూలి కలిసొస్తుంది.

వాడిన డెక్కను ముక్కలు చేసి అడుగు మందాన పరిచి, పైన పేడ నీళ్ళు చిలకరించి, పలుచగా మట్టి చల్లండి. ఇలా నాలుగైదు వరసలు వేసి మట్టితో మెత్తండి. పదిహేను, ఇరవై రోజులకోసారి తిరగేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. పూత వచ్చిన డెక్కతో చేసిన ఎరువును నీరు నిలిచే వరి మడికి వేయకండి, గింజలు మొలవొచ్చు. మెట్ట పైరుకో, మామిడి, కొబ్బరి పాదులకో వేసుకోండి. ఫ్యాక్టరీల మురుగు కలిసే నీటిలో పెరిగిన డెక్కను మాత్రం ఎరువుకు గానీ పశువులకు గానీ వాడొద్దు. ఆ నీటిలోని లోహాలను అది పీల్చుకుంటుంది.

మళ్ళీ రాకుండా

నీరు వచ్చే తూముకు వెదురు తడికో సన్నకన్ను వలో బిగించండి. డెక్క వచ్చే దారి అదే. వారానికోసారి గట్టు చుట్టూ తిరిగి కనిపించిన మొక్కను కనిపించినట్టే పీకేయండి.

"గడ్డిచేప వేస్తే తినేయదా?" అని చాలామంది అడుగుతారు. 1959లో మన దేశానికొచ్చిన ఈ గ్రాస్ కార్ప్ నీటి లోపల పెరిగే మెత్తటి నాచును బాగా మేస్తుంది. డెక్క జోలికి అంతగా పోదు. డెక్కను తినే నియోకెటినా అనే పెంకు పురుగులను 1980లలో బెంగుళూరులో వదిలారు. అవి పని చేస్తాయి గానీ ఏళ్ళు పడుతుంది. పెద్ద చెరువులకు సరే, పావు ఎకరం గుంటకు మీ చేతులే మేలు.

చివరగా ఒక్క మాట. రెండు మొక్కలున్నప్పుడు తీయడం పది నిమిషాల పని. కమ్మేశాక తీయడం రెండు వారాల పని. రేపు పొద్దున్న పొలానికి వెళ్ళేటప్పుడు గుంట వైపు ఒక చూపు వేయండి. రెండు మొక్కలు కనబడితే పువ్వు కోసం చూడకండి, అక్కడే పీకి గట్టెక్కించండి.