పాత మైకా గుంత

నేలలో తళతళ మెరిసే రేకుల రాయిని మనం కాకిబంగారం అంటాం. దాని పేరే అభ్రకం. గనుల్లో మైకా అంటారు. గోరుతో తీస్తే పొరలు పొరలుగా ఊడి వస్తుంది. వేడికి తట్టుకుంటుంది. కరెంటును పోనివ్వదు. అందుకే ఇస్త్రీపెట్టెల్లో వాడేవారు.

నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం చుట్టుపక్కల మైకా గనులు చాలా ఉండేవి. గిరాకీ తగ్గింది. చాలా గనులు మూతపడ్డాయి. పని ఆగిపోయింది కానీ, గుంతలు చాలాచోట్ల అలాగే ఉన్నాయి.

ఒక ఆదివారం నేనూ, నాతో టీచర్ ట్రైనింగ్ చదివిన ఇద్దరు స్నేహితురాళ్లూ అలాంటి గుంత చూడటానికి వెళ్లాం. దారంతా రాళ్లు, ముళ్లకంపలు. చేతిలో లాంతరు, తాడు ఉన్నాయి. లోపలికి దిగాలని మా సరదా.

అక్కడ ఒక అవ్వ మేకలు మేపుతోంది. మమ్మల్ని చూసి కేకేసింది.

"దిగబాకండి అమ్మా! లోపల గాలి ఉండదు."

మేం నవ్వాం. "గాలి లేకుండా ఎలా ఉంటుంది అవ్వా?" అన్నాను.

"నా చిన్నప్పుడు మైకా ముక్కల కోసం ఒకామె దిగింది. ఆమెను పైకి తెద్దామని మొగుడు దిగినాడు. ఇద్దరూ పైకి రాలా" అంది అవ్వ.

మేం లాంతరు వెలిగించి, తాడు కట్టి కిందికి వదిలాం. కొంత దూరం పోయాక వెలుగు చిన్నదయింది. ఇంకొంచెం దించాం. దీపం ఆరిపోయింది. మా గుండె గుభేలుమంది. మేం దిగి ఉంటే?

దీపం ఎందుకు ఆరింది?

మనం పీల్చే గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు. దీపం వెలగాలన్నా అదే కావాలి. అది 16 పాళ్ల దాకా తగ్గితే దీపం ఆరిపోతుంది. ఇంకా తగ్గితే మనిషికి తెలివి తప్పుతుంది. ప్రాణం పోతుంది.

పాత గుంతలో గాలి ఆడదు. ఆకులు, కట్టెలు కుళ్లుతాయి. ప్రాణవాయువు తగ్గుతుంది. బొగ్గుపులుసు గాలి పెరుగుతుంది. అది బరువు ఎక్కువ. అడుగున చేరుతుంది. కంటికి కనపడదు. వాసనా ఉండదు. పాత బావిలో కూడా ఇంతే.

మేం చేసిన పని మీరు చేయకండి. కొన్ని గుంతల్లో మండే గాలి ఉంటుంది. దీపం దించితే భగ్గుమంటుంది. దీపం వెలిగినా లోపల విషగాలి ఉండవచ్చు.

గుర్తు పెట్టుకోండి

పాత గుంత అంచుకు పోకూడదు. లోపల తొలిచి ఉంటుంది. కాలు పెడితే విరుగుతుంది.

వానకు నానిన గోడలు కూలతాయి. నీళ్లు నిండిన గుంత లోతు పైకి తెలియదు.

ఎవరైనా లోపల పడిపోతే వెంట దిగకూడదు. కన్నబిడ్డ అయినా సరే. దిగితే ఇద్దరూ పోతారు. వెంటనే 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయాలి. ఫైరింజను వాళ్ల దగ్గర గాలి సిలిండర్లు ఉంటాయి. వాళ్లు దిగగలరు.

మీ ఊరి పక్కన పాత గుంత ఉందా? బడికి పోయే పిల్లలు, మేకలు కాసే పిల్లలు అటు పోతున్నారా? నలుగురూ కలిసి పంచాయతీకి అర్జీ రాయండి. చుట్టూ కంచె వేయమని అడగండి. ఇప్పుడు మీకు రాయటం వచ్చు కదా!