ఫోనులో మాటకు గీటురాయి

పులివెందుల, జమ్మలమడుగు పక్క నుంచి పెండ్లికి బంగారు కొనాలంటే ప్రొద్దుటూరుకు పోతారు. అక్కడ ఆచారి నగను గీటురాయి మీద రుద్ది చూస్తాడు. మరి ఫోనులో మాట్లాడే మనిషిని దేనిమీద రుద్ది చూడాలి?

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ స్టజానో, పాల్ విల్సన్ అనే ఆయనతో కలిసి మోసగాళ్ళ ఎత్తులను పరిశీలించి 2011లో ఒక వ్యాసం రాశాడు. మనిషికి సహజంగా ఉండే గుణాలనే మోసగాడు వాడుకుంటాడని అందులో ఉంది. అధికారి అంటే ఎదురు చెప్పం. తొందర పెడితే ఆలోచించం. అవసరంలో ఉంటే ఆశపడతాం.

"బ్యాంకు నుంచి మాట్లాడతాండాం, స్కాలర్‌షిప్ వచ్చింది, బిరీన ఓటీపీ చెప్పు" అనే మాటలో ఈ మూడూ ఉన్నాయి. "డిజిటల్ అరెస్టు" అని భయపెట్టేదీ ఇట్లాంటిదే. అట్లాంటి అరెస్టు చట్టంలోనే లేదు.

కాబట్టి మన గీటురాయి ఇది:
1. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ను కొట్టే పని లేదు.
2. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు.
3. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆలస్యమైతే అది చేతులు మారిపోతుంది.

మా యాడికి చదువు రాదు. మెసేజి వస్తే నాకే చూపిస్తుంది. మీ ఇండ్లల్లోనూ అంతే కదా! సెలవులకు పోయినప్పుడు ఈ మూడు మాటలు ఎవరి బాసలో వాళ్ళు ఇంట్లో చెప్పి రండి.