మాస్టర్ ఫైల్ మార్చాం, మరి పాత పోస్టర్ల సంగతేంటి?

ఈ ఎపిసోడ్‌లో టెంప్లేట్ల గురించి మాట్లాడుకుందాం. తయారు చేయడం గురించి కాదు, అది మీకందరికీ వచ్చు. ఒకే టెంప్లేట్‌ని టీమ్‌లో నలుగురైదుగురు వాడుతున్నప్పుడు దాన్ని మార్చాల్సి వస్తే ఏం చేయాలి? అసలు తలనొప్పి అక్కడే ఉంది.

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ధర్మవరం, కదిరి, హిందూపురం, పెనుకొండ, మడకశిర, పుట్టపర్తి ముందురోజు దాకా అనంతపురం జిల్లా. ఆ రోజు నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఊర్లు ఉన్నచోటే ఉన్నాయి, కానీ లెటర్‌హెడ్లలో, పోస్టర్లలో అడ్రస్ లైన్ పాతదైపోయింది. మారింది జిల్లా పేరొక్కటే. అది ఎన్ని ఫైళ్లలో ఉందో ఎవరు లెక్కపెట్టుకున్నారు?

ధర్మవరం అన్నాం కదా, అక్కడి మగ్గం చూస్తే ఇదంతా ఈజీగా అర్థమవుతుంది. పట్టుచీర కొంగు మీద నెమలి రావాలంటే ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపుతూ బొమ్మ వేస్తారు. దాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఒక్కో పేక వరసకి ఒక్కో అట్ట. చిల్లు ఉన్నచోట పడుగు దారం పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. అట్టలన్నీ వరసగా దండలా కట్టి మగ్గం పైన జకార్డుకి తగిలిస్తారు. ఆ దండే టెంప్లేట్ అన్నమాట.

ఒక మాస్టర్ వీవర్ అదే డిజైన్‌ని పది మగ్గాలకు ఇచ్చాడనుకోండి. పది మగ్గాలకూ పది దండలు కావాలి. నెమలి ముక్కు కాస్త సరిచేయాలంటే గ్రాఫ్ ఒక్కటి దిద్దితే సరిపోదు. ఆ వరసల అట్టలు మళ్లీ కొట్టించి పది ఇళ్లకూ పంపాలి. ఒక ఇంటిని మర్చిపోతే అక్కడ పాత ముక్కే వస్తుంది. ఇక నేసేసిన చీరనైతే ఎవరూ మార్చలేరు.

మన ఫోన్లలోనూ ఇంతే. గూగుల్ స్లైడ్స్‌లో ఎవరైనా కాపీ చేసుకున్నారంటే, ఆ కాపీకీ మాస్టర్‌కీ సంబంధం తెగిపోయినట్టే. మాస్టర్‌లో మీరేం దిద్దినా అక్కడికి పోదు. కాన్వాలో డిజైన్ కాపీ చేసుకున్నా అదే కథ. ఫిగ్మా కొంచెం నయం: మెయిన్ కాంపొనెంట్ మారిస్తే దాన్నుంచి తీసుకున్నవన్నీ మారతాయి. కానీ వేరే ఫైల్లో లైబ్రరీ ద్వారా వాడుతున్నవాళ్లు అప్‌డేట్ బటన్ నొక్కాలి. నొక్కకపోతే పాతదే. ఇక వాట్సాప్‌లో పడిన జేపీజీ అంటారా, అది నేసేసిన చీర.

ఇది అందం గొడవ కాదండీ. మీ ఊర్లో నలుగురు వేరుశనగ రైతుల కోసం పంట బీమా గడువు పోస్టర్లు చేస్తున్నారనుకుందాం. టెంప్లేట్ పోయిన ఏడాదిది. ఒకరు కొత్త తేదీ పెట్టారు. ఇంకొకరు తన ఫోన్లో ఉన్న పాత కాపీలో మండలం పేరు మాత్రం మార్చి పంపేశారు. రెండిటికీ అదే లోగో, అదే రంగు. టెంప్లేట్ బాగుంది కాబట్టే తప్పు తేదీని కూడా జనం నమ్ముతారు. వాన నమ్మకం లేని మన సీమలో గడువు దాటిపోయిన రైతుకి ఎంత నష్టమో మీకు చెప్పాల్సిన పనిలేదు.

అందుకే టెంప్లేట్‌లో నిజమైన తేదీ ఎప్పుడూ ఉంచొద్దు. "ఇక్కడ తేదీ వేయండి" అని ఎర్ర అక్షరాల్లో పెట్టండి. మర్చిపోయినా పోస్టర్ చూడగానే తెలిసిపోతుంది. నా లెక్కలో మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే. మండలం, ఫోన్ నంబర్ కూడా అలాగే ఖాళీగా ఉండాలి.

ఎడిట్ చేసే హక్కు ఒక్కరికే ఇవ్వండి, మిగతావాళ్లకి చూసే హక్కు చాలు. గూగుల్ స్లైడ్స్ లింకులో ఇంగ్లీషు "ఎడిట్" నుంచి చివరిదాకా తీసేసి, అక్కడ ఇంగ్లీషులోనే "కాపీ" అని టైప్ చేసి పంపితే, తెరిచినవాళ్లని సొంత కాపీ చేసుకోమని అడుగుతుంది. మాస్టర్ సేఫ్. పోస్టర్ మూలన చిన్నగా వెర్షన్ నంబర్ కూడా వేయండి. ఎవరైనా "ఇది కరెక్టేనా అన్నా?" అని స్క్రీన్‌షాట్ పంపితే నంబర్ చూసి చెప్పేయొచ్చు.

ఫాంట్ల సంగతి కూడా చెప్పాలి. ఫ్లెక్స్ షాపుల్లో అను ఫాంట్లు ఎక్కువ. అందులో కొట్టిన తెలుగు, ఆ ఫాంట్ లేని ఫోన్లో పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. టీమ్ ఫైల్‌కి మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు పెట్టుకోండి, ఫ్రీగా దొరుకుతాయి.

తప్పు పోస్టర్ అప్పటికే బయటికి పోయిందా? గ్రూపులో డిలీట్ చేసినా, వేరేవాళ్లు ఫార్వర్డ్ చేసుకున్నవి పోవు. కొత్తదాన్ని పాతదానిలాగే పంపితే ఎవరూ గమనించరు. పైన పట్టీ రంగు మార్చి, "పాత పోస్టర్లో తేదీ తప్పు" అని పెద్దక్షరాల్లో వేసి, పాతది ఏయే గ్రూపులకు వెళ్లిందో ఆ గ్రూపులన్నిటికీ పంపండి. మాస్టర్ ఫైల్‌కి యాక్సెస్ ఎలా సెట్ చేయాలో వచ్చే ఎపిసోడ్‌లో ఫోన్ స్క్రీన్ మీదే చూపిస్తాను.