రాయి, సుద్దముక్క, ఒక వీడియో

పోయిన ఏడాది ఎన్‌ఎస్‌ఎస్ తరఫున మేం నలుగురం, కాలేజీకి దగ్గర్లో ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పడానికి నాలుగు శనివారాలు వెళ్ళాం. క్లాసులో పెద్ద టచ్ స్క్రీన్ ఉంది. ఇంకేం, సగం పని అదే చేసేస్తుంది అనుకున్నాను.

వస్తువులు కిందపడటం మీద 12 నిమిషాల వీడియో వేశాను. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలిన దృశ్యం కూడా అందులో ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "అర్థమైందా?" అంటే "అర్థమైందన్నా!" అని ఒకటే అరుపు. అక్కడితో ఆపేసి ఉంటే హాయిగా ఇంటికొచ్చేవాణ్ణి. ఒక చేతిలో రాయి, ఇంకో చేతిలో సుద్దముక్క పట్టుకుని, ఏది ముందు పడుతుందని అడిగాను. ముగ్గురు తప్ప అందరూ రాయే అన్నారు. వెనక బెంచీ కుర్రాడైతే, "అది చంద్రుడి మీద కదన్నా, మన ఊళ్ళో కాదు కదా!" అన్నాడు.

తప్పు వాడిది కాదు. వెరిటాసియం ఛానెల్ నడిపే డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసింది సరిగ్గా ఈ సమస్య మీదే. విషయాన్ని సూటిగా, నీటుగా చెప్పిన వీడియో చూసినవాళ్ళు బాగుంది, తేలిగ్గా ఉంది అన్నారు, కానీ పరీక్షలో పెద్దగా మెరుగుపడలేదు. మనసులో ఉండే తప్పు ఊహల్ని ముందు బయటపెట్టి, తర్వాత సరిచేసిన వీడియో చూసినవాళ్ళు కాస్త తికమకపడ్డారు గానీ ఎక్కువ నేర్చుకున్నారు. సాఫీగా సాగిపోయే వీడియోలో మనకు ముందే తెలిసిందే చెబుతున్నారు అనిపిస్తుంది. మన ఊహకీ దానికీ తేడా ఉందని గమనించం.

తెర మీద పాఠం మనకి కొత్త కాదు. 1975-76లో 'సైట్' ప్రయోగం కింద ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు చేరాయి, అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి. బడిపిల్లలకి విడిగా పాఠాలు వచ్చేవి. కానీ ఆ టీవీని ఆపలేరు, వెనక్కి తిప్పలేరు. మన చేతిలో ఉన్న వీడియోని ఆపొచ్చు, ఒక్కో ఫ్రేమునీ విడిగా చూడొచ్చు. నేను మాత్రం మొదటి శనివారం దాన్ని పాత టీవీలాగే వాడాను!

రెండో శనివారం వీడియో మేమే తీశాం. గోడకి మీటరు స్కేలు నిలువుగా అంటించి, ఎదురుగా స్టూలు మీద ఫోను పెట్టాం. ముందు ప్రతి ఒక్కరూ తమ ఊహని నోటుబుక్కులో రాయాలి, కొట్టివేతలు ఒప్పుకోం. తర్వాత రాయి, సుద్దముక్క ఒకేసారి వదిలాం. (మొదటి రెండు టేకులూ వృథా, వదిలేవాడి చేతులు కలవలేదు. వెలుతురు చాలక బొమ్మ కూడా అలికినట్టు వచ్చింది. కిటికీ దగ్గరకి మారాం.)

ఫోను సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది. అంటే 3 ఫ్రేములు దాటితే 0.1 సెకను. లెక్క ప్రకారం అప్పటికి దాదాపు 5 సెంటీమీటర్లు పడాలి, 6 ఫ్రేములకి 20, తొమ్మిదికి 44, పన్నెండుకి 78. మా కొలతలు అటూఇటూగా దగ్గరికే వచ్చాయి. రాయీ సుద్దముక్కా ప్రతి ఫ్రేములోనూ పక్కపక్కనే ఉన్నాయి. బోర్డు మీద అంకెలు చూస్తూ ఒకమ్మాయి, "అన్నా, ఇది ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారులా పెరుగుతోంది" అంది. సూత్రం నేను ఇంకా రాయనేలేదు. కంప్యూటరు ఉంటే ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ గుర్తులు పెట్టే పని తేలిక చేస్తుంది. మాకు పాజ్ బటన్ సరిపోయింది.

ఒక్క ప్రయోగానికి పీరియడున్నర పట్టింది. "ఇలా అయితే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుంది బాబూ?" అన్నారు సైన్సు టీచరుగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే తర్వాతి వారాల్లో రెండు నిమిషాలు మించని ముక్కలే వేశాం. ఫలితం కనబడే ముందు ఆపి, ఊహ రాయించి, మళ్ళీ నడిపాం.

చివరి శనివారం ఆ వెనక బెంచీ కుర్రాడు నోటుబుక్కులోంచి కాగితం చింపి తెచ్చాడు. "రాయితో పాటు దీన్ని వదులుదాం, వీడియో తియ్యన్నా" అన్నాడు. కాగితం ఊగుతూ ఆలస్యంగా పడింది. వాడు దాన్ని ఉండగా నలిపి, మళ్ళీ కుర్చీ ఎక్కాడు.