బంతి గీత దాటిందని ఎలా తేలుస్తారు?

ఫుట్‌బాల్‌లో బంతి గోల్ గీత దగ్గర పడి వెనక్కి వచ్చిందంటే రెండు జట్లూ రిఫరీ మీదికి పరుగెత్తుతాయి. ఆయన దేన్నిబట్టి తేలుస్తాడు?

బంతి మొత్తం గీతను పూర్తిగా దాటితేనే గోల్. నేల మీద దాటినా, గాలిలో దాటినా ఒకటే. చిక్కంతా బంతి గుండ్రంగా ఉండటంతోనే వస్తుంది. బంతి అడ్డుకొలత సుమారు 22 సెంటీమీటర్లు. అది నేలకు ఆనిన చోటు గీత అవతలి అంచుకు 10 సెంటీమీటర్లు లోపల ఉందనుకోండి. ఏటవాలుగా చూసేవారికి బంతికీ గీతకూ మధ్య పచ్చగడ్డి కనబడుతుంది, గోలే అనిపిస్తుంది. నిట్టనిలువుగా పైనుంచి చూస్తే మాత్రం బంతి పొట్ట ఇంకా ఒక సెంటీమీటరు మేర గీత మీదే ఉంటుంది. కాబట్టి గోల్ కాదు.

మరి పక్కగీత వెంట ఉండే అసిస్టెంట్ రిఫరీ చూడలేడా? ఆఫ్‌సైడ్ పట్టుకోవడానికి అతను చివరినుంచి రెండో డిఫెండర్‌కు సరిసమానంగా నిలబడాలి. దూరం నుంచి కొట్టిన షాట్ చేరేసరికి అతను గోల్ గీతకు చాలా మీటర్ల ఇవతలే ఉంటాడు. 2010 ప్రపంచకప్‌లో జర్మనీపై ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి అడ్డకర్రకు తగిలి స్పష్టంగా గీత లోపల పడి బయటికొచ్చింది. గోల్ ఇవ్వలేదు. అప్పటికి 1-2తో వెనకబడి ఉన్న ఇంగ్లండ్ చివరికి 1-4తో ఓడింది. నా దృష్టిలో అది అధికారుల చూపు లోపం కాదు, వాళ్లు నిలబడ్డ చోటే అలాంటిది.

ఆ దుమారం తర్వాత, 2012లో, నిబంధనల మండలి గోల్‌లైన్ టెక్నాలజీని అనుమతించింది. కెమెరాలతో నడిచే పద్ధతిలో ఒక్కో గోల్ వైపు ఏడు కెమెరాలు బంతిని వెంటాడతాయి. గీత దాటితే సెకనులోపే రిఫరీ చేతి గడియారానికి సంకేతం వెళ్తుంది. 2019 జనవరిలో లివర్‌పూల్‌పై మాంచెస్టర్ సిటీ డిఫెండర్ స్టోన్స్ గీత మీద నుంచి బంతిని తన్నేసినప్పుడు, అది పూర్తిగా దాటడానికి సెంటీమీటరు పైచిలుకే మిగిలింది. ఆ మ్యాచ్ సిటీ 2-1తో గెలిచింది, ఆ సీజన్ టైటిల్ ఒక్క పాయింటు తేడాతో ఆ జట్టుకే దక్కింది.

అలాగని యంత్రమూ సర్వజ్ఞం కాదు. 2020లో ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్‌లో గోల్‌కీపర్, డిఫెండర్, స్తంభం కలిసి ఏడు కెమెరాలకూ అడ్డం పడ్డాయి. బంతి లోపలికి వెళ్లినా గడియారం మోగలేదు.

ఈసారి టీవీలో ఇలాంటి వివాదం వస్తే, గీతకు సరిగ్గా సూటిగానో, నిలువునా పైనుంచో తీసిన దృశ్యం చూపేదాకా ఆగండి. మిగతా కోణాలను నమ్మకండి.