చేతికొచ్చే జీతం, ఇంటికొచ్చే కబురు

ఉద్యోగ పరీక్షలకు చదువుకునే మన పిల్లల కోచింగ్ ఫీజులకు మీరు ఏటా సాయం చేస్తున్నారు. లెక్కలు చదివే రోజున మీలో కొందరు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆ అబ్బాయికి ఇప్పుడు చేతికెంత వస్తోంది?" నిజం చెప్పాలంటే దీనికి మేము చాలాకాలం సరైన జవాబు ఇవ్వలేకపోయాం. అబ్బాయిని అడిగితే "స్కేలు డెబ్బై రెండు వేల దాకా ఉందండీ" అనేవాడు. ఆ మాటకు అర్థమేమిటో ఈ సంచికలో వివరిస్తున్నాం.

మన వైపు అందరికీ తెలిసిన ఉదాహరణ గ్రామ, వార్డు సచివాలయాలది. 2019 జులైలో లక్షకు పైగా పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. సెప్టెంబరులో పరీక్షలు, అదే నెలలో ఫలితాలు, అక్టోబరు 2న కాకినాడ పక్కనున్న కరపలో ప్రారంభోత్సవం. జీతం విషయంలో నోటిఫికేషన్ దాచిందేమీ లేదు. రెండేళ్లు ప్రొబేషన్, నెలకు 15,000 రూపాయలు, ఆ తర్వాత స్కేలు. అయితే ఇళ్లలో గుర్తున్నది "రెండేళ్లు" అన్న మాట ఒక్కటే. 2021 అక్టోబరుకు జీతం పెరుగుతుందని లెక్కేసుకుని అప్పు చేసిన కుటుంబాలున్నాయి. ప్రొబేషన్ ఖరారు కావాలంటే శాఖాపరమైన పరీక్ష పాసవ్వాలి, ఆపైన ప్రభుత్వ ఉత్తర్వు రావాలి. ఆ ఉత్తర్వు 2022 జూన్‌లో వచ్చింది, కొత్త జీతం జులై నుంచి అమలైంది. మధ్యలో తొమ్మిది నెలలు అదే 15,000. 2022 జనవరిలో ఉద్యోగులు రోడ్డెక్కింది ఇందుకే. ఆలస్యం కన్నా, ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పకపోవడమే ఎక్కువ బాధించిందని మా అభిప్రాయం.

ఆ ఉత్తర్వులో ఎక్కువ పోస్టులకు ఇచ్చిన స్కేలు 22,460–72,810. మొదటి అంకె చేరేటప్పటి మూలవేతనం. రెండోది ఏటా ఇంక్రిమెంట్లు పడుతూ పోతే ఏళ్ల తర్వాత తగిలే హద్దు. పెళ్లి సంబంధాల్లో మాత్రం రెండో అంకే చెబుతారు! మూలవేతనానికి కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం కలుస్తాయి. పల్లెలో అద్దె భత్యం పది శాతం, అంటే 2,246 రూపాయలు. అటు సీపీఎస్ కింద మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో పది శాతం కోత. ఒక్క మూలవేతనం మీదే 2,246 పోతుంది. అద్దె భత్యం అలా వచ్చి ఇలా వెళ్లిపోయినట్టే. ఆపైన వృత్తి పన్ను, బీమా.

ఔట్‌సోర్సింగ్ ఉద్యోగానికి ఈ స్కేలే ఉండదు, నెలకింత అని ఒకే మొత్తం. ఏజెన్సీలు మధ్యలో కోసుకుంటున్నాయన్న ఫిర్యాదులతోనే 2020 జులైలో ఆప్కాస్ మొదలైంది. మాకు తెలిసిన ఒక తల్లి గాజులు కుదువపెట్టి దళారి చేతిలో డబ్బు పోసింది. ఆ ఉద్యోగం రెగ్యులరా, కాంట్రాక్టా, ఔట్‌సోర్సింగా అని ఆమె అడగలేదు. అడగాలని మేమూ ఆమెకు చెప్పలేదు.

ఇక కబురు సంగతి. పోస్టుమేన్ కాల్ లెటర్ తెచ్చే రోజులు పోయాయి. ఏపీపీఎస్సీ పరీక్షలకు హాల్ టికెట్, కీ, ఫలితాలు అన్నీ వెబ్‌సైట్‌లోనే. కీ మీద అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువు. మన పిల్లల్లో చాలామంది దరఖాస్తులో నెట్ సెంటర్ వాళ్ల ఫోన్ నంబరు వేసేస్తున్నారు, మెసేజ్ అక్కడికే పోతుంది. ఇంకో చిక్కు పేరుది. టెన్త్ మెమోలో "ఎస్.కె.", ఆధార్‌లో "షేక్", బీసీ-ఈ సర్టిఫికెట్‌లో మరో రకం. సర్టిఫికెట్ల పరిశీలన రోజు పరుగులు పెట్టేది ఇందుకే. దరఖాస్తుకు ముందే సరిచేయించుకోవాలి.

ఎంపిక కానివారికి కారణం ఎవరూ ఉత్తరం రాసి చెప్పరు. అయితే అడిగే దారి ఉంది. అభ్యర్థి తన జవాబు పత్రం తాను చూసుకోవచ్చని 2011లో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ కేసులో చెప్పింది. సివిల్స్ మార్కుల వివరాలు అడిగిన వాళ్లందరికీ యాంత్రికంగా ఇవ్వనక్కర్లేదని 2018లో అదే కోర్టు అంది కాబట్టి, ప్రతిదీ దొరుకుతుందని హామీ ఇవ్వలేం. జీతాల సంగతి అలా కాదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన ఉద్యోగుల నెల జీతాలు తానే ప్రకటించాలి. ప్రకటించకపోతే దరఖాస్తు పెట్టొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడైనా ఉచితం. జవాబుకు గడువు 30 రోజులు.

ఈ ఏడాది నుంచి మా సాయం దరఖాస్తులో రెండు గడులు చేర్చాం. చదువుతున్న పోస్టుకు మొదటి నెల చేతికొచ్చేది ఎంత, రాసిన ఫోన్ నంబరు ఎవరిది. రెండూ అభ్యర్థి స్వయంగా నింపాలి. ఆదివారాల్లో జుహర్ తర్వాత వచ్చి, పిల్లల పక్కన కూర్చుని నోటిఫికేషన్ చదివి పెట్టగల రిటైర్డ్ ఉద్యోగులు మీలో ఎవరైనా ఉంటే మాకు కబురు చేయండి.