పిండినల్లికి పెంకు పురుగే విరుగుడు
చూడటానికి రెండూ తెల్లనివే.. మిత్రపురుగును చంపుకోవద్దు

అరకులోయ: కాఫీ కొమ్మలపై దూదిలా తెల్లగా కనిపించేదంతా చీడ కాదు. అందులో చీడను తిని బతికే మిత్రపురుగు పిల్ల కూడా ఉండవచ్చు. తేడా తెలియక నలిపేస్తే రైతు తన పంటకు కాపలా కాసే జీవాన్ని తానే చంపుకొన్నట్లవుతుంది.

కాఫీని ఆశించే రసం పీల్చే పురుగుల్లో పిండినల్లి ముఖ్యమైనది. లేత కొమ్మలు, పూమొగ్గలు, పిందెల నుంచి రసం పీల్చి చెట్టును నీరసింపజేస్తుంది. అది విసర్జించే తియ్యటి జిగురుపై మసి తెగులు వ్యాపిస్తుంది. ఎండాకాలంలో, నీడ చాలని తోటల్లో బెడద ఎక్కువ. రసాయన మందు పిచికారీ చేస్తే పురుగుతోపాటు సేంద్రియ పంటకు వచ్చే ధర కూడా పోతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికాకు సేంద్రియ సాగే ప్రధాన బలం.

ఆస్ట్రేలియా నుంచి..

క్రిప్టోలీమస్ అనే ఈ పెంకు పురుగు అక్షింతల పురుగుల జాతికి చెందినది. కాఫీపై పచ్చ పొలుసు పురుగును అదుపు చేసేందుకు 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. ఆ పనిలో ఆశించిన ఫలితం రాలేదు. కానీ పిండినల్లిని మాత్రం సమర్థంగా తింటుందని తర్వాత తేలింది. పిండినల్లి దొరకనప్పుడు పేనుబంకను, పొలుసు పురుగు పిల్లలను కూడా తింటుంది. గుమ్మడికాయలపై పిండినల్లిని పెంచి, వాటిపై ఈ పురుగులను వృద్ధి చేస్తారు. విదేశాల్లో గ్రీన్‌హౌస్ పంటల్లోనూ దీన్ని వాడుతున్నారు.

గుర్తించడం ఇలా..

తల్లి పురుగు నాలుగు మిల్లీమీటర్ల పొడవుంటుంది. రెక్కలు ముదురు గోధుమ రంగులో, తల నారింజ రంగులో ఉంటాయి. పిల్లపురుగు ఒంటిపై పొడవైన తెల్లని మైనపు పోగులుంటాయి. ఇది 13 మిల్లీమీటర్ల వరకు పెరుగుతుంది, చురుగ్గా కదులుతుంది. పిండినల్లి ఇంతకంటే బాగా చిన్నది. గుంపుగా ఉండి, దాదాపు కదలకుండా ఉంటుంది.

జాగ్రత్తలు

* చీమలు తియ్యటి జిగురు కోసం పిండినల్లికి కాపలా కాస్తాయి, మిత్రపురుగులను తరిమేస్తాయి. ముందుగా చీమల పుట్టలను తొలగించాలి. నేలను తాకే కొమ్మలను కత్తిరించాలి.
* చలి ఎక్కువైతే పెంకు పురుగు మందగిస్తుంది. అందువల్ల డిసెంబరు, జనవరిలో వదలకూడదు. చలి తగ్గి, పిండినల్లి కనిపించగానే ఉదయం లేదా సాయంత్రం చల్లటి వేళ చీడ ఉన్న చెట్లపై వదలాలి.
* వదలడానికి ముందు, తర్వాత పురుగుమందులు చల్లరాదు.
* సిల్వర్ ఓక్ వంటి నీడ చెట్లను అతిగా నరకరాదు.

2025లో అరకు ప్రాంతంలో బయటపడిన కాయతొలుచు పురుగుకు ఇది మందు కాదు. ఆ పురుగు గింజ లోపల దాగి ఉంటుంది. దాని నివారణకు కాఫీ బోర్డు అధికారులను సంప్రదించాలి.